తీర్పులయ్య బెణికిన కాలు

జన్మలో ఒక్కసారి బంతి పట్టుకున్న పాపాన పోలేదు గానీ, బంతి పట్టుకున్నవాళ్ళందరి మీదా తీర్పులు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని తీర్పులయ్య అనేది.

వృత్తి గడియారాలు బాగుచేయడం. కంటికి భూతద్దం బిగించి, ఆవగింజంత చక్రాన్ని పట్టకారుతో పట్టుకుని, నోటితో మాత్రం కొట్టు టీవీలో ఆడేవాళ్ళ జాతకాలు విప్పుతుండేవాడు. చలికాలం బాస్కెట్‌బాల్, ఎండాకాలం బేస్‌బాల్. ఆటగాళ్ళకు కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఆయనకు పట్టవు. ఏడడుగుల పొడుగుండీ బుట్టలో బంతి వేయలేనివాడు ‘ఎండిన తాటిచెట్టు’. బేస్‌బాల్ మైదానం చివర నిలబడి, బంతి పక్కనే పడ్డా కదలనివాడు ‘కుంభకర్ణుడు’.

“వీడివి చేతులా, చిల్లుగరిటెలా? వీడికంటే మా ఆవిడ నయం!” అని రోజుకొక్కసారైనా అనేవాడు.

ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది. పెద్దాసుపత్రి లాండ్రీలో ఆవిడ పైఅధికారి. రోజుకు నాలుగు వందల దుప్పట్లు ఆవిడ కళ్ళముందే ఉతికి, ఇస్త్రీ అయి, మడత పడాలి. మాట కూడా అలాగే, ముడత లేకుండా చెప్తుంది.

ఒక శుక్రవారం ఆవిడ అంది. “ఆదివారం పొద్దున పదింటికి మా ఆసుపత్రిలో చిన్న కార్యక్రమం ఉందండీ. మీరూ రావాలి.”

తీర్పులయ్య గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. సరిగ్గా పదింటికే టీవీలో బాస్కెట్‌బాల్ ఫైనల్!

“ఏం కార్యక్రమం?”

“వస్తే తెలుస్తుంది.”

“ఉపన్యాసాలుంటాయా?”

“ఒక్కటీ ఉండదు.”

“మరి నేనెందుకే?”

“ఊరికే. మీరుంటే బాగుంటుందని.”

ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు కాస్త తడబడింది. తాటిచెట్టు ఎడమ మోకాలు వణికితే ఇంట్లోంచి కనిపెట్టగల మహానుభావుడు, పక్కనున్న పెళ్ళాం గొంతు వణికితే కనిపెట్టలేకపోయాడు.

శనివారం సాయంత్రం మెట్ల దగ్గర “అబ్బా!” అని పెద్ద కేక వినబడింది. ఆవిడ పరుగున వచ్చేసరికి తీర్పులయ్య కాలు పట్టుకుని కూలబడి ఉన్నాడు.

“కాలు బెణికిందే!”

“ఏ కాలు?”

“కుడికాలు.”

“మరి ఎడమకాలు పట్టుకున్నారేం?”

“నొప్పి ఇటు పాకిందే!”

ఆవిడ ఒక్క నిమిషం ఆయన వంక చూసింది. “పాపం! ఇంత నొప్పితో మిమ్మల్ని ఒక్కర్నీ ఇంట్లో ఎలా వదిలేస్తాను? నయం, రేపు వెళ్ళేది ఆసుపత్రికేగా!”

తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటే ఏమిటో ఆయనకప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే చక్రాల కుర్చీతో సహా లాండ్రీవాళ్ళు ఇద్దరు గుమ్మంలో దిగారు. ఆసుపత్రికి చేరగానే కట్లు కట్టే కాంపౌండరు కుడికాలికి తొడదాకా చెక్క పెట్టి చుట్టడం మొదలుపెట్టాడు.

“నొప్పిగా ఉందా అండీ?”

“కొంచెం.”

“అయితే ఇంకో చుట్టు వేయాలి.”

“అబ్బే, అస్సల్లేదు!”

“అస్సల్లేదా? అయితే పూర్తిగా మొద్దుబారిందన్నమాట. ఇంకో రెండు చుట్లు.”

చివరికి ఆ కాలు చాపచుట్టంత అయింది. ఆవిడే కుర్చీ తోసుకుంటూ ఆసుపత్రి వెనక ఉన్న మైదానం గట్టున నిలిపి, ఒళ్ళో దుప్పటి కప్పి, “ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా” అని వెళ్ళింది.

తీర్పులయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ తీసి, దుప్పటి మాటున ఫైనల్ పెట్టుకున్నాడు. చుట్టూ జనం, ఈలలు, చప్పట్లు. ఆయనకేం పట్టింది? కాసేపటికి అందరూ ఒక్కసారిగా “అయ్యో!” అనేసరికి మాత్రం అరకన్నుతో అటు చూశాడు. ఎర్ర బనీను వేసుకున్న ఎవరో వేసిన బంతి బుట్ట ఛాయలకైనా పోకుండా గట్టు మీద పడింది.

“ఎవరమ్మా ఆ ఏడో నంబరు? బంతి వేస్తోందా, దుప్పటి దులుపుతోందా?” అన్నాడు గట్టిగా.

పక్కన నిలబడ్డ, లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ మెల్లిగా అంది. “మీ ఆవిడేనండీ.”

తీర్పులయ్య తల పైకెత్తాడు. జుట్టు బిగించి కట్టుకుని, చెమటకు నుదురు మెరుస్తూ, మైదానం మధ్యలో నిజంగానే ఆవిడ! నలభై ఆరేళ్ళ మనిషి! లాండ్రీ జట్టుకూ వంటశాల జట్టుకూ పోటీ. వంటశాలలో పెద్ద గరిటె తిప్పే ఆవిడ కొండలా ఎదురు నిలబడితే, ఈవిడ పక్కనుంచి ఉడతలా జారిపోయింది. మళ్ళీ బంతి విసిరింది. మళ్ళీ తప్పింది.

అలవాటు కొద్దీ ఆయన నోరు తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే ఆవిడ ఇటు చూసింది. పోయిన తండ్రి చేతి గడియారాన్ని కొట్లో బల్ల మీద పెట్టి, ‘ఇది మళ్ళీ నడుస్తుందా?’ అని అడగడానికి భయపడేవాళ్ళు చూసే చూపు. ఆయనకు బాగా తెలిసిన చూపు. తీర్పులయ్య నోరు మూసుకున్నాడు. ఫోన్ దుప్పట్లోకి జారిపోయింది. అందులో ఎవరు గెలిచారో ఆయన ఆ రోజంతా అడగలేదు.

మూడోసారి బంతి వల లోంచి సుయ్యిమని దిగింది. “అదీ!” అని తీర్పులయ్య వేసిన కేకకు ఇస్త్రీ ఆవిడ ఉలిక్కిపడి రెండడుగులు దూరం జరిగింది.

ఇక అర నిమిషమే ఉంది. లాండ్రీ రెండు పాయింట్లు వెనక. ఆవిడ బంతితో దూసుకెళ్ళింది, పెద్దగరిటె అడ్డం వచ్చింది, ఈవిడ ఎగిరి దబ్బున పడింది.

కుర్చీ ఒకవైపు, దుప్పటి ఒకవైపు. చెక్కకాలు చాపుకుని, టకటకమంటూ, తీర్పులయ్య మైదానంలోకి పరుగు తీశాడు.

“ఎక్కడ తగిలిందే? చెయ్యి ఆడించు! నన్ను చూడు!”

ఆవిడ వెల్లకిలా పడుకునే అంది. “నాకేం కాలేదు. మీరు లేచారేంటండీ?”

మైదానమంతా గొల్లున నవ్వింది. ఈల మెడలో వేసుకుని ఆట నడిపిస్తున్న ఎముకల డాక్టరు దగ్గరికొచ్చి, జేబులోంచి మందుల చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ‘ఈ కాలికి రోజూ పొద్దున అరగంట మైదానంలో పరుగు’ అని రాసి ఉంది.

“డాక్టరుగారూ, నిన్నటి తేదీ వేసుందేమిటి?”

“మీ ఆవిడ నిన్న సాయంత్రమే ఫోన్ చేశారులెండి.”

ఆవిడ లేచి, దుమ్ము దులుపుకుని, పెద్దగరిటె పడేసినందుకు శిక్షగా తనకు దక్కిన రెండు బంతులూ వేసింది. ఒకటి పడింది. రెండోది ఇనుప వలయం చుట్టూ తిరిగి తిరిగి, బయటికే పడింది. లాండ్రీ ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

అందరూ వెళ్ళాక, మోచెయ్యి గీరుకుపోయిన ఆవిడను తీర్పులయ్య అదే కుర్చీలో కూర్చోబెట్టాడు. కుంటుకుంటూ, ఈసారి చెక్క వల్ల నిజంగానే కుంటుకుంటూ, మందు రాయించడానికి తోసుకెళ్ళాడు.

“ఎన్నాళ్ళనించి ఆడుతున్నావే?”

“ఎనిమిది నెలలు.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే చూడ్డానికొస్తారు. చూస్తే తీర్పు చెప్తారు. మీ తీర్పు విన్నాక మళ్ళీ బంతి ముట్టుకోగలనా?”

చక్రాలు కిర్రుమన్నాయి.

“మరి ఇవాళెందుకు పిలిచావు?”

“ఇవాళ చాలా భయమేసింది. మీరు కనబడేచోట ఉంటే చాలనిపించింది.”

తీర్పులయ్య కుర్చీ ఆపి, ముందుకొచ్చి, ఆవిడ నుదుటిమీద అంటుకున్న జుట్టు వెనక్కి తోశాడు. ఆవగింజంత చక్రాన్ని కూడా ఆయన ఎన్నడూ అంత పదిలంగా ముట్టుకోలేదు.

“ఇంతకీ నా ఆట ఎలా ఉంది? నిజం చెప్పండి.”

“ఆట నేను చూళ్ళేదే. నిన్నే చూస్తూ కూర్చున్నా.”

“ఇన్నేళ్ళకు ఒక్క మంచి తీర్పిచ్చారు” అంది ఆవిడ. “అలాగని చీటీ సంగతి మర్చిపోకండి. రేపు ఆరింటికి.”

సోమవారం ఆరింటికి తీర్పులయ్య మైదానంలో ఉన్నాడు. అరగంట అని రాసిన పరుగు నాలుగు నిమిషాలకే ఆయాసమైంది. ఆవిడ నవ్వుతూ బంతి చేతిలో పెట్టింది. అది అంత బరువుంటుందని ఆయనెప్పుడూ అనుకోలేదు. ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. బంతి బుట్ట వైపు కూడా చూడకుండా, గోడ దాటి, ఆసుపత్రి వంటశాల కిటికీ కింద పడింది.

కిటికీలోంచి పెద్దగరిటె తల బయటికి పెట్టింది. “ఎవరమ్మా అది విసిరింది?”

తీర్పులయ్య ఇనుప స్తంభం చాటుకు తప్పుకున్నాడు.

“మా ఆయనే వదినా!” అని ఆవిడ ఇక్కణ్ణించే గొంతెత్తింది. “ఏమీ అనకు. ఇవాళే చేరారు.”