ఏడో నంబరు పోతుంది, రాదు

దేశం నెత్తిన ఉన్న అప్పంతా దించేసే మహాకార్యం ఎట్టకేలకు మొదలైంది. అది మా ఏడో నంబరు బస్సుతో మొదలైంది. మా పెద్దమ్మాయి మూడు నెలల పిల్లగా ఉన్నప్పటినుంచి ఆ బస్సు ఎక్కుతున్నాను, దానికింత యోగం ఉందని నాకు తెలియనే తెలియదు.

ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీలూ కమిటీగా కూర్చున్నాయి. (ముందెవరు కూర్చోవాలో తేలక నాలుగు నెలలు నిలబడ్డాయి.) బడ్జెట్టులో దండగ ఎక్కడుందని వెతికితే ఏడో నంబరు దొరికింది. రద్దు చేయాలని ఒక పార్టీ, నడపాల్సిందేనని రెండోది. చివరికి దేశం కోసం ఇద్దరూ చెరో మెట్టు దిగారు. బస్సు ఆసుపత్రికి పోతుంది, తిరిగి రాదు. ఖర్చు సగానికి సగం తగ్గింది. ఇద్దరూ కావలించుకున్న ఫోటో పేపర్లో పడింది.

మా ఆయనది షుగరు ఒళ్లు, కాలికి పుండు. ప్రతి బుధవారం కట్టు మార్పించాలి. ఆ బుధవారం కట్టు మార్పించుకుని బయటికొస్తే బస్సు ఇంజనాపి నిలబడి ఉంది.

"పోనివ్వు నాయనా, ఇంటికి పోవాలి," అన్నాను కండక్టరుతో.

"తిరుగు ప్రయాణం లేదు మామ్మగారూ. ఆర్డరొచ్చింది."

"మరి నువ్వెలా పోతావు?"

"నడిచి. డ్రైవరన్న అప్పుడే నడక మొదలెట్టేశాడు."

"ఈయన నడవలేరయ్యా!"

"నడవలేనివాళ్ల గురించి రెండు పార్టీలూ బాధపడ్డాయి మామ్మగారూ. రికార్డులో రాశారు కూడా."

"ఏమే, ఎంతసేపు నిలబెడతావు నన్ను? ముందు ఎక్కించు," అన్నారు మా ఆయన.

ఎక్కించాను. అప్పటినుంచి అందులోనే ఉంటున్నాం. వెనక పొడుగు సీటు ఆయనది, ముందు ఆడవాళ్ల సీటు నాది. (కూర్చున్నందుకు టికెట్టు పూర్తిగా కొట్టాలని ఒక పార్టీ, అసలొద్దని ఇంకోటి. సగం కొడుతున్నారు.)

మర్నాడు నడపడానికి బస్సు లేదు, ఉన్నది ఇక్కడుంది కదా. అప్పు తెచ్చి కొత్తది కొన్నారు. అదీ వచ్చింది, ఆగింది. ఆ మర్నాడు ఇంకోటి. లెక్కల ప్రకారం బస్సు కొంటే ఆస్తి, తిప్పితే ఖర్చట. ఈ ఒక్క ముక్క మీద మాత్రం రెండు పార్టీలకూ పేచీ రాలేదు. ఇప్పుడు ఆవరణలో ఇరవై ఆరు బస్సులున్నాయి. అంబులెన్సుకు దారి లేక రోగుల్ని గేటు నుంచి మోసుకొస్తున్నారు, దాన్ని డీజిలు ఆదా కింద రాసుకున్నారు. మా వదిన సంగతి చెప్పలేదు కదూ? మాకు బట్టలిచ్చి పోదామని వచ్చింది పాపం. నాలుగో బస్సులో ఉంటోంది.

నిన్న కమిటీవారు తనిఖీకి వచ్చారు.

"బాబూ, మేం ఇంటికెప్పుడు పోతాం?" అని అడిగారు మా ఆయన.

నాయకులిద్దరూ ఒకరినొకరు చూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకే గొంతుతో, "అప్పు తీరగానే," అన్నారు.

ఆ మాట చెప్పి, గేటు బయట చెరో కారు ఎక్కి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.