అడుగుకి ఏడాది

గంజాయి మొక్క ఎన్ని అడుగులుంటే పెంచినవాడికి అన్నేళ్ల శిక్ష పడుతుంది కాబట్టి, కొలత కూడా పట్టుకున్న రోజుది కాకుండా తీర్పు చెప్పే రోజుదే చెల్లుతుంది కాబట్టి, విజయనగరంలో మజ్జి గౌరీపతిని అరెస్టు చేసినప్పుడు పోలీసులు మొక్కను కుండీతో సహా జీపెక్కించి, గాలి తగలకుండా దుప్పటి కప్పి మరీ స్టేషన్‌కి తెచ్చారు. పచ్చడికి కోయగా మిగిలిన ఆ మొక్క మూరెడుంది. అంటే ఏడాదిన్నర. ఆ మాత్రానికి ఎవరూ కంగారు పడలేదు.

పచ్చడి సంగతి చెప్పాలి. గౌరీపతి సహకార బ్యాంకులో క్యాషియరు. మనిషికి ఉన్న పిచ్చల్లా మిద్దె తోట. తోటి మిద్దెతోటల వాళ్లతో నారు ఇచ్చిపుచ్చుకునే అలవాటుంది. అలా ఎవరో గోంగూర అని చేతిలో పెట్టిన మొక్క ఇది. ఆకు అచ్చం అలాగే ఉంటుంది, ఆయన తప్పేం లేదు. భార్య సత్యవేణి దాంతో ఉల్లిపాయలు దండిగా వేసి పచ్చడి నూరి, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుకి గిన్నెడు తీసుకెళ్లింది. మామూలుగా నీళ్ల మోటారు మాటెత్తగానే కుర్చీలు లేచే మీటింగది. ఆ రోజు అందరూ అన్నిటికీ ఒప్పుకున్నారు. మూడో అంతస్తాయన కింది వాటా ఆయన్ని కావలించుకుని, ఇన్నాళ్లూ నిన్ను అపార్థం చేసుకున్నానని ఏడ్చాడు. ఆలస్యంగా వచ్చి పచ్చడి అందని ఒక సభ్యుడు ఈ ఐకమత్యం చూసి హడలిపోయి పోలీసులకి ఫోన్ చేశాడు. విన్నది నిజమైతే విషయం చాలా దూరం పోయిందని పోలీసులూ పరుగున వచ్చారు.

చట్టంలో ఇంకో సంగతుంది. మొక్క సాక్ష్యం, కాబట్టి బతికి ఉండాలి. చచ్చిందా, కేసు కొట్టేస్తారు, కాపలా ఉన్నవాడి ఉద్యోగం ఊడుతుంది. రసాయనం తగిలితే సాక్ష్యం కలుషితమైనట్టే, అందుకని ఏం పోసినా సేంద్రియంగానే పోయాలి. ఈ బాధ్యత కానిస్టేబుల్ దాసరి కూర్మారావు మీద పడింది. పాపం, ఆయన జన్మలో మీసం తప్ప ఏదీ పెంచలేదు. టీ కూడా సేంద్రియమే కదా అని మిగిలిన టీ పోశాడు. స్టేషన్‌కి వచ్చిపోయేవాళ్లు తమ వంతుగా కిళ్లీ ఉమ్మారు. వారం తిరక్కుండా ఆకులు పసుపెక్కి వేలాడాయి.

క్యారియర్ తెచ్చిన సత్యవేణి అది చూసి, అరెస్టయ్యాక మొదటిసారి నవ్వింది. "ఇంకో నాలుగు రోజులండీ. అది చచ్చిపోతాది, మీరు ఇంటికొచ్చీయొచ్చు" అంది చువ్వల దగ్గర గుసగుసగా. గౌరీపతి "ఊఁ" అన్నాడు.

కానీ కర్మ, సెల్లుకి సరిగ్గా ఎదురుగానే కుండీ. చూడకూడదనుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు, మళ్లీ ఇటు దొర్లుతాడు. తెల్లారి కూర్మారావు ఇంకో గ్లాసు టీ ఒంపబోతుంటే ఇక ఆగలేకపోయాడు.

"పొయ్యకండి మహానుభావా! కుండీ కింద బెజ్జం మూసుకుపోయింది. వేళ్లు ఊపిరాడక చస్తున్నాయి."

కూర్మారావు గ్లాసు పడేసి చువ్వలు పట్టుకున్నాడు. "బాబ్బాబు, ఏటి సెయ్యాలో సెప్పండి మాస్టారూ. ఇది సస్తే నా ఉజ్జోగం పోతాది."

గౌరీపతి చెప్పాడు. తను చెప్పకపోతే ఇంటికి పోతాడని ఆయనకి తెలుసు. నోరు మాత్రం ఆగలేదు. జీవామృతం కలపమన్నాడు. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. స్టేషన్‌లో ఇవన్నీ ఉన్నాయి. ఇద్దరన్నదమ్ములు నాదంటే నాదని కొట్టుకున్న ఆవు పెరట్లో కట్టేసి ఉంది. సారా కేసులో పట్టుకున్న బెల్లం, కల్తీ కేసులో పట్టుకున్న శనగపిండి గదిలో ఉన్నాయి. పొలం గట్టు తగాదాలో సాక్ష్యంగా తెచ్చిన మట్టి మూటకి సీలు కూడా ఉంది. ఎస్.ఐ. గారు ఒక కేసు నిలబడాలంటే మిగతా కేసులు సహకరించాలన్నారు. కూర్మారావు సీళ్లు విప్పి డ్రమ్ములో కలిపాడు.

మొక్క లేచి కూర్చుంది. లేత చిగురు చూసి కూర్మారావు కళ్లొత్తుకున్నాడు, గౌరీపతి సెల్లులోంచే మురిసిపోయాడు. పుల్ల మజ్జిగ చల్లండి అన్నాడు, అరటితొక్కలు నానబెట్టిన నీళ్లు పోయండి అన్నాడు, వేపపిండి చారెడే వెయ్యండి, ఆశపడకండి అన్నాడు. నెల తిరిగేసరికి మొక్క ఆయన్ని మించిపోయింది. కుండీ బద్దలైతే స్టేషన్ గచ్చు పగలగొట్టి నేలలో నాటారు. ఊతకర్ర దొరక్క, దొంగతనం కేసులో పట్టుకున్న సైకిలు నిలబెట్టి దానికి కట్టారు. సైకిలు తాలూకు ముద్దాయి బోని అప్పన్న గౌరీపతితోపాటు సెల్లులోనే ఉన్నాడు, తనదేం అభ్యంతరం లేదన్నాడు.

మొదటి వాయిదాకి ప్రభుత్వ వకీలుకి జ్వరం. రెండోదానికి టేపు పొట్టిదైంది. మూడోదానికి పొడుగు టేపు వచ్చింది గానీ పట్టుకునే మనిషి ఎన్నికల డ్యూటీలో ఉన్నాడు. వాయిదా వాయిదాకీ మధ్య మొక్క తన పని తను చేసుకుపోయింది.

అప్పుడు సత్యవేణికి అసలు సంగతి తెలిసింది. చెప్పింది కూర్మారావే, కృతజ్ఞత పట్టలేక. "మీ ఆయన దేవుడమ్మా" అన్నాడు.

ఆవిడ క్యారియర్ నేలకేసి కొట్టినంత పని చేసింది. "మీకేటైనా మతుందా? మీ శిక్షకి మీరే ఎరువేసుకుంటారేటండీ?"

"కళ్లముందు ఎండిపోతుంటే ఎలా చూస్తూ కూర్చోను వేణీ? నోరులేనిది."

"నాను ఎండిపోతన్నాను, కనబళ్లేదేటి? నాకు నోరుందనా?"

గౌరీపతి తల దించుకున్నాడు. ఆవిడ వీధి పొడుగునా ఏడుస్తూ ఇంటికెళ్లింది.

మర్నాడు క్యారియర్ కింది గిన్నెలో సలసల కాగిన గంజి తెచ్చింది. కూర్మారావు టిఫినుకి వెళ్లేదాకా కాచుకుని, మొక్క మొదట్లో ఒంపింది. ఆవిరి లేచింది. చువ్వల వెనక గౌరీపతికి వాసన తగిలింది.

"కూర్మారావు గారూ! వేడి గంజి! పరిగెత్తండి!"

ఆ కేక వేసింది తనేనని తెలిసి వెంటనే నోరు మూసుకున్నాడు, లాభం లేకపోయింది. కూర్మారావు ఇడ్లీ చేత్తోనే బిందె ఎత్తుకొచ్చి చన్నీళ్లు గుమ్మరించాడు. సత్యవేణి ఖాళీ గిన్నె పట్టుకుని మొగుడి వైపు చూసింది. ఒక్క మాట తిట్టి ఉంటే ఆయనకి కొంచెం తేలికయ్యేది.

ఆవిడ మీద కేసు పెట్టాలా అని ఎస్.ఐ. గారు కాసేపు ఆలోచించారు. ఈలోగా చల్లారిన గంజి మొక్కకి బ్రహ్మాండంగా పట్టినట్టు తేలింది. వారంలో రెండు కొత్త రెమ్మలు వేసింది. గంజి కూడా సేంద్రియమే కాబట్టి, సత్యవేణి రోజూ ఒక క్యాను గంజి తెచ్చి స్టేషన్‌లో ఇవ్వాలని, చల్లార్చి తేవాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆవిడ తేవడం మొదలుపెట్టింది.

తర్వాత పైకప్పు తీసేశారు. స్టేషన్ చెట్టు కిందకి వచ్చింది. ఆవు పేడతో పాటు కేసు కూడా కరిగిపోయి, అన్నదమ్ములు రాజీపడ్డారు. బెల్లం లేక సారావాడూ, పిండి లేక కల్తీవాడూ, మట్టి లేక గట్టువాడూ నిర్దోషులుగా బయటపడి, పోతూ పోతూ చెట్టుకి దణ్ణం పెట్టుకున్నారు. జిల్లా తోటల ప్రదర్శనలో సేంద్రియ విభాగం మొదటి బహుమతి స్టేషన్‌కే వచ్చింది. ఎస్.ఐ. గారు షీల్డు అందుకుంటుంటే గౌరీపతి బేడీలతోనే చప్పట్లు కొట్టాడు.

జడ్జిగారు స్వయంగా వచ్చి చూశారు. మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, ఇప్పుడు తీర్పు చెబితే ఎదుగుతున్నదాన్ని మధ్యలో ఆపినట్టవుతుంది, అది న్యాయం కాదు అన్నారు. ఎదుగుదల ఆగాక కొలిచి తీర్పు చెబుతామన్నారు. అప్పన్న చేతులు కట్టుకుని, మరి నా కేసో అన్నాడు. సాక్ష్యం చూపించమన్నారు. అందరూ పైకి చూశారు. సైకిలు కొమ్మల్లో ఇరుక్కుని, కాకి గూడుతో సహా, ఎక్కడో మిద్దెల పైన ఉంది. అదీ వాయిదా పడింది.

ఒక మధ్యాహ్నం సత్యవేణి గంజి క్యానుతో వచ్చింది. జుట్టు సగం నెరిసింది. స్టేషన్‌లో అందరూ జాతర బందోబస్తుకి పోయారు. కూర్మారావు హెడ్ కానిస్టేబులై, ఆ హోదాలో బల్ల మీద నిద్రపోతున్నాడు. గౌరీపతీ కునుకు తీస్తున్నాడు. ఆవిడ గంజి పోసి, చెయ్యి ఊరుకోక కింది కొమ్మ ఆకు ఒకటి తిప్పి చూసింది. పేనుబంక. కొమ్మంతా జిగట. మిద్దెతోట మనిషితో కాపురం చేసింది, ఆవిడకి తెలియనిది కాదు. పట్టించుకోకుండా వదిలేస్తే పైదాకా పాకి చెట్టుని పీల్చేస్తుంది. చెట్టు చస్తే మొగుడు ఇంటికొస్తాడు.

సెల్లులోంచి అప్పన్న ఒక్కడే చూశాడు. లేచి దణ్ణం పెట్టాడు. "అమ్మా, సూణ్ణట్టు ఎలిపోండమ్మా. సెట్టు పడితే నా సైకిలు దిగుతాది. మీ ఆయనా వొస్తాడు, నానూ వొస్తాను."

సత్యవేణి ఆకు వదిలేసి క్యాను అందుకుంది. గేటు దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కొచ్చింది.

"కూర్మారావు బాబూ, లెగండి. చెట్టుకి పేనుబంక పట్టింది. వేపనూనె కొట్టించండి."

కూర్మారావు ఉలిక్కిపడి లేచి పంపు కోసం పరిగెత్తాడు. అప్పన్న చువ్వలకి తల ఆనించి ఏడ్చేశాడు. "ఎందుకమ్మా? ఎందుకు సెప్పీసినారు?"

"ఏటో బాబూ" అంది ఆవిడ, క్యాను మూత పెట్టుకుంటూ. "ఇన్నేళ్లు గంజి పోసి పెంచాను."

ఆ మాటలకి గౌరీపతి కళ్లు తెరిచాడు. "పై కొమ్మలు కూడా చూశావా వేణీ?" అని అడిగాడు. చూశానండీ, బాగానే ఉన్నాయి అని చెప్పి, సాయంత్రం గంజికి బియ్యం నానబెట్టాలని ఆవిడ ఇంటికి బయల్దేరింది.