తెల్లబోయిన పరీక్షనాళికలు

ఆ పొద్దున కెమిస్ట్రీ మేడమ్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. మూడు పరీక్షనాళికలు. ఒకదాంట్లో ఉప్పునీళ్ళు, రెండోదాంట్లో సోడియం నైట్రేట్ ద్రావణం, మూడోదాంట్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్. సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే మొదటిది మాత్రమే తెల్లగా విరగాలి. వెనక బెంచీలో కూర్చునే ప్రిన్సిపాల్ తల ఊపితే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఇన్నేళ్ళ టెంపరరీ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ నిండుకుందని ముందురోజే ఒక డబ్బా కొని ఇంట్లో పెట్టుకుంది. "నువ్వు మొయ్యకు, నేను తెస్తాగా," అంటూ భర్తే దాన్ని గేటు దాకా మోశాడు. తాగిన గ్లాసు కూడా తీయని మనిషి! అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

క్లాసులో ద్రావణాలన్నీ ఆ డబ్బా నీళ్ళతోనే కలిపింది. మొదటి నాళిక పెరుగులా విరిగింది.

"బోర్డు మీది సమీకరణంలో సోడియం, నైట్రేట్ ముందూ వెనకా అలాగే ఉన్నాయి కదా? ఇవి ప్రేక్షక అయాన్లు. వీధిలో గొడవైతే మేడ మీంచి చూసే బాపతు. కొట్టేయండి."

బోర్డు మీద Ag⁺ + Cl⁻ → AgCl మిగిలింది. అంటే వెండి, ఉప్పులోని క్లోరైడ్ కలిస్తే వచ్చే తెల్లటి మడ్డి.

"రెండోదాంట్లో ఏమీ జరగదు, చూడండి."

జరిగింది. తెల్లగా. మూడోదీ అంతే. సిల్వర్ నైట్రేట్ సీసా మారిందేమోనని కొత్త సీసా తెరిచింది, తెలుపే. నాళికలు మురికేమోనని డబ్బా నీళ్ళతోనే కడిగి మళ్ళీ చేసింది, మళ్ళీ తెలుపే. మేడమ్ మొహం కూడా ఆ రంగుకే వచ్చింది.

"దీనికి సమీకరణం రాయలేదేం మేడమ్?" అన్నాడు చరిత్ర చెప్పే ప్రిన్సిపాల్.

పిల్లల్లో ఒకడు నైట్రేటే విరిగిందని రాసుకున్నాడు. ఇంకొకడు నీళ్ళే విరిగాయని రాసుకున్నాడు. తను చదివిన చదువంతా అబద్ధమేమో అనిపించింది మేడమ్‌కి.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, కొట్టేయాల్సినవి కొట్టేస్తే అన్నిట్లోనూ ఆ సమీకరణమే మిగులుతుందిగా? అంటే అన్నిట్లోనూ క్లోరైడ్ ఉండాలి. అన్నిట్లోనూ ఉన్నది ఆ డబ్బా నీళ్ళే."

పొద్దున డబ్బా మూత బిగిస్తూ భర్త ఇన్వర్టర్ వైపు చూసిన దొంగచూపు ఆమెకు గుర్తొచ్చింది.

"అవును. ఇవి క్లోరిన్ కలిపే కొళాయి నీళ్ళు," అంది నీరసంగా. ఉద్యోగం మీద ఆశ వదిలేసుకుంది.

ప్రిన్సిపాల్ లేచి చప్పట్లు కొట్టాడు. "భలే! తెలియనట్టు నటించి, జవాబు పిల్లల నోటే పలికించారే! వచ్చే వారం తనిఖీ కమిటీ వస్తోంది. ఇదే పాఠం, ఇలాగే చెప్పాలి. పర్మనెంటు ఆర్డరు ఆ రోజే ఇస్తా."

నిజం చెబుదామని మేడమ్ నోరు తెరిచి, ఒక్క క్షణం ఆలోచించి, మూసేసుకుంది.

సాయంత్రం గేటు దగ్గరే భర్త రెండు కొత్త డబ్బాలతో ఎదురయ్యాడు. "నన్నేమీ అనకు. ఇన్వర్టర్‌కే తెచ్చావనుకుని బ్యాటరీలో పోసేశా. ల్యాబుకని తర్వాత గుర్తొచ్చి కొళాయి కింద పట్టేశా. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నా. ఇదిగో, ఇవి అసలువి!"

ఆమె డబ్బాల వంక చూసింది, ఆయన వంక చూసింది.

"అవి ఆ ఇన్వర్టర్ మొహానే కొట్టండి. వచ్చే వారానికి నాకు ఓ డబ్బా కొళాయి నీళ్ళు పట్టి ఉంచండి."

భర్త ఆమె నుదుటి మీద చెయ్యేసి చూశాడు. జ్వరం లేదు.

ఆ ఇంట్లో శుద్ధమైన నీళ్ళు తాగేది ఇప్పటికీ ఇన్వర్టర్ ఒక్కటే.