తొమ్మిదో గది

పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, ప్రోగ్రాములో ఒక్క మాట చేర్చి, భోజనాల వేళకల్లా సత్తెనపల్లి బస్సెక్కేయాలన్నది సౌందర్య ఆలోచన. గురజాల రోడ్డులోని ఆ కోల్డ్ స్టోరేజీ హబీబుల్లా గారిది. ఎనిమిది గదులు, వాటి నిండా రైతుల మిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు. ఏ గదిలో ఎంత సరుకు పడుతుందో చూపించే ప్రోగ్రామును సౌందర్య, తోటి ఉద్యోగి బెంజిమిన్ కలిసి రాశారు. ఈమధ్య దానికి ఏదో తిక్క పుట్టింది. గోదాము మొత్తంలో ఎన్ని టిక్కీలు పడతాయని అడిగితే, ఒకరోజు బుద్ధిగా చెబుతుంది, మర్నాడు జిల్లా పంటంతా పట్టేటంత అంకె చూపిస్తుంది.

"ఇయ్యాల తేల్చకపోతే మీ కంప్యూటర్ని కూడా టిక్కీలో కుట్టి లోపల పడేస్తానమ్మా," అన్నాడు హబీబుల్లా.

గదుల కొలతలు ఎలాగూ మారవు. ఆ కూడికను ప్రోగ్రాము నడిచే ప్రతిసారీ చేయించడం దేనికి, తయారయ్యేటప్పుడే, రాసినదాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలరు చేత చేయించేస్తే పోలేదా అనుకుంది సౌందర్య. 'ఈ లెక్క ఇప్పుడే నువ్వే తేల్చు' అని కంపైలరుకు చెప్పే మాటను చేర్చి బటన్ నొక్కింది. తెర మీద తప్పుందంటూ ఎర్రక్షరాలు బారులు తీరాయి. ఆమె ఎగిరి గంతేసి బెంజిమిన్‌కు ఫోన్ చేసింది. పక్కన కంప్రెసర్ల హోరు. గొంతు చించుకుంటే తప్ప వినపడదు.

"అన్నా, దొరికింది! ఉన్నయ్యి ఎనిమిది గదులేగా? మనోడు తొమ్మిదో గదిలోకి పోయి లెక్కపెడుతున్నాడు!"

"ఇన్నాళ్లూ ఎట్టా దొరకలేదు?"

"నడిచేటప్పుడు కాపలా ఎవరున్నారన్నా? హద్దు దాటిపోయి, పక్కన ఏది దొరికితే అది కలిపేసుకున్నాడు. ఇప్పుడు కంపైలరే దగ్గరుండి ఒక్కో గదీ లెక్కేస్తంది గదా, గడప దాటంగానే పట్టేసింది! అన్‌డిఫైన్డ్ బిహేవియర్! తొమ్మిదో దాంట్లోకి పోతే ఏదైనా జరగొచ్చు!"

ఆఫీసు గది కిటికీ కింద మిరపకాయల తొడిమలు తీస్తున్న సుబ్బరత్నమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె లేచి, గేటు దగ్గర బీడీ ముట్టించుకుంటున్న రైతు చిన్నకోటయ్య దగ్గరికి పరుగెత్తింది.

"ఏందయ్యా నిలబడ్డావు! ఈడ తొమ్మిదో గదుందంట. ఎవడో అందులో దూరి పక్కనోళ్ల సరుకు కలిపేసుకుంటన్నాడంట. కాపలా కూడా లేదంట!"

"అదీ సంగతి! నా టిక్కీల్లోకి ఈ తెల్లబారిన తాలుకాయలు ఎట్టా వచ్చినయ్యా అనుకుంటన్నా," అన్నాడు చిన్నకోటయ్య. ఆ యేడు అతని చేలో కాసిందే తాలు అని ఊరందరికీ తెలుసు.

ఫోన్లు మోగాయి. గంట తిరగకుండా ఆటోలు, ట్రాక్టర్లు వచ్చి గేటు ముందు నిలిచాయి. మా సరుకు మాకిచ్చేయమని కొందరు. 'ఏదైనా జరగొచ్చు' అన్న ముక్క మాత్రమే చెవినపడిన ఒకాయన నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. అరుపులు విని సౌందర్య బయటికి వచ్చింది.

"తొమ్మిదో గది లేదు బాబాయ్! లేదనే నేను మొత్తుకుంటున్నా!"

"లేని గదిలోకి పోయి ఎట్టా లెక్కపెట్టాడమ్మాయ్?" అన్నాడు చిన్నకోటయ్య.

"అదేగా తప్పు!"

"తప్పని ఒప్పుకుంది, ఇనండి! ఎవడాడు? పేరు చెప్పు."

గదులను వరసగా లెక్కపెట్టుకుంటూ పోయే అంకెకు ప్రోగ్రాములో పెట్టిన పేరు ఒక్క ఇంగ్లీషు అక్షరమే. సౌందర్య నిజాయితీగా చెప్పింది.

"ఐ."

"అయ్యా?" చిన్నకోటయ్య నోరు తెరిచాడు. "ఓర్నాయనో! గోదాము అయ్యే దొంగంట!"

హబీబుల్లా ముఖం పండుమిరపకాయలా ఎర్రబడింది. అందరినీ లోపలికి లాక్కెళ్లి, ఒక్కో తలుపూ కొడుతూ ఎనిమిది గదులూ లెక్కపెట్టి చూపించాడు. నడవ చివర గోడ వచ్చింది. చిన్నకోటయ్య దాని మీద పిడికిలితో కొట్టాడు. డొల్లగా మోగింది.

"ఏంది భాయ్ ఇది?"

"గోడ! నమ్మకపోతే పగలగొట్టి చూసుకో!"

కోపంలో అన్నమాట అది. కానీ గడ్డపార అప్పటికే ఎవరో అందించారు. సౌందర్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒద్దు సార్! ప్రోగ్రాములో ఒక్క గుర్తు తీసేస్తే సరిపోద్ది సార్!" అని ఆమె అరిచిన అరుపు కంప్రెసర్ల హోరులో కలిసిపోయింది. ఇటుకలు కూలాయి. దుమ్ము సర్దుకున్నాక చిన్నకోటయ్య ఫోన్ లైటు వేశాడు.

లోపల గది ఉంది.

మిగతావాటంత గదే. ఖాళీగా, తుప్పుపట్టిన డ్రమ్ము ఒకటి మూలన పెట్టుకుని ఉంది. ఆ కట్టడాన్ని హబీబుల్లా వేరేవాళ్ల దగ్గర కొన్నాడు. కూలింగు మిషను పెట్టే స్తోమత లేక వాళ్లు ఆ గదికి గోడ కట్టేశారని ఆయనకెవరూ చెప్పలేదు. బయటి నుంచి చూస్తే పొడుగులో తేడా తెలియాల్సిందే. కానీ ఆ మిరప ఘాటులో అక్కడ నిలబడి చూసినవాడెవడు?

ఒకరి భుజం మీంచి ఒకరు లోపలికి తొంగి చూశారు.

"భాయ్," అన్నాడు చిన్నకోటయ్య, గొంతు మార్చి. "మిషను పెట్టించు, దీంట్లో నా టిక్కీలే పెట్టాల. ముందు చూసింది నేను."

"ముందు ఇన్నది నేను! మా తమ్ముడి సరుకు పెట్టాల," అంది సుబ్బరత్నమ్మ.

సరుకు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లంతా చోటు కోసం కొట్లాటకు దిగారు. ఆ గందరగోళంలోంచి హబీబుల్లా బయటపడి సౌందర్యకు దణ్ణం పెట్టాడు.

"నాకే తెలియని గది నీకెట్టా తెలిసిందమ్మా?"

"కంపైలరు చెప్పింది సార్," అంది ఆమె. నిజానికి కంపైలరు చెప్పింది ఆ గది లేదని. ఆ వివరం జోలికి ఆమె పోలేదు.

వెళ్లి కుర్చీలో కూర్చుని, ఆ తప్పు గుర్తును ముట్టుకోకుండా, గదుల పట్టికలో ఎనిమిదని ఉన్నచోట తొమ్మిదని మార్చి, కొత్త గదిలో ఎంత పడుతుందో చేర్చి, బటన్ నొక్కింది. ఒక్క ఎర్రక్షరం కూడా రాలేదు. అంతలో బెంజిమిన్ ఫోన్ చేశాడు.

"ఏమ్మా, కోడ్‌లో తప్పు దిద్దావా?"

"కోడ్‌లో కాదన్నా," అంది సౌందర్య, తల మీది ఇటుకపొడి దులుపుకుంటూ. "గోడలో."