దిగనన్న గోళీ

ఆ శనివారం పొద్దున క్లైవ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రీజర్లోంచి తేనె సీసా తీయడం, ఐసు పెట్టెలో సర్దడం, ఊరి ప్రదర్శనకు మోసుకెళ్ళడం, డెస్ ప్రింగిల్ పొగరు అణచడం. ఆ టాస్మేనియా లోయలో తేనె పోటీ అంటే ఏటా మొదటి బహుమతి డెస్‌ది, రెండోది క్లైవ్‌ది. పబ్బులో అందరూ "రెండోవాడా!" అని పిలిచీ పిలిచీ అతని అసలు పేరు మర్చిపోయే దాకా వచ్చారు. ఈసారి గెలవకపోతే సమాధి రాయి మీద కూడా అదే చెక్కుతారని అతని భయం.

పోటీ పద్ధతి అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. జడ్జి మిస్ క్వారీ ప్రతి సీసాలోనూ ఒక ఉక్కు గోళీ వేస్తుంది. తేనె ఎంత చిక్కనైతే గోళీ అంత నెమ్మదిగా దిగుతుంది. అందరికంటే ఆలస్యంగా అడుగు తాకిన గోళీదే గెలుపు. చల్లబడితే ఏ తేనైనా చిక్కబడుతుందన్న పరమ సత్యాన్ని లోకంలో తనొక్కడే కనిపెట్టినట్టు క్లైవ్ వారం రోజులుగా మురిసిపోతున్నాడు.

"బఠాణీలు బయటెందుకున్నాయి?" కేకులు సర్దుకుంటూ అడిగింది భార్య నోరీన్.

"పాడైపోయాయి."

"ఫ్రీజర్లోనా?"

"ఈ రోజుల్లో దేన్నీ నమ్మలేం," అని నిట్టూర్చి బండెక్కాడు ఆ సత్యసంధుడు.

ప్రదర్శన గుడారంలో సీసాల మీద పేర్లుండవు, అంకెలే. క్లైవ్ సీసాకు చెమటలు పట్టాయి. కర్చీఫుతో తుడిచాడు. మళ్ళీ పట్టాయి. చూస్తే డెస్ కూడా తన సీసా తుడుచుకుంటున్నాడు, మిగతావాళ్ళూ అంతే. ఈ ఏడు అందరికీ శుభ్రత మీద ఇంత ప్రేమ పుట్టిందేమిటి చెప్మా అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించే అలవాటు అతనికి లేదు. ఏడో నంబరు సీసా దగ్గర మాత్రం తుడిచే దిక్కే లేదు.

మిస్ క్వారీ గోళీలు వేసింది. ఏడో సీసాలో గోళీ అందరికంటే ముందు అడుగు తాకింది.

"ఇదెవడి తేనెరా బాబూ! కుళాయి కింద పట్టుకొచ్చాడు!" అని క్లైవ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. కేకుల బల్ల దగ్గర నోరీన్ తలెత్తి చూసింది.

మిగతా గోళీలు నింపాదిగా దిగాయి. అన్నిటి తర్వాత డెస్‌ది దిగింది. క్లైవ్ గోళీ అరంగుళం దిగి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది.

"అదీ తేనె అంటే!" అని చొక్కా కాలరు ఎగరేశాడు.

గోళీ కదల్లేదు. టీలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి, అయినా కదల్లేదు.

"అడుగు తాకితేనే ఫలితం. మా నాన్న పెట్టిన రూలు," అంటూ మిస్ క్వారీ సంచీలోంచి ఊలు అల్లిక తీసింది. గొర్రెల పోటీకీ ఆవిడే జడ్జి. బయట గొర్రెలు అరుస్తున్నాయి, వాటికంటే గట్టిగా వాటి యజమానులు.

ఊరికే కూర్చున్న నోళ్ళు ఊరుకుంటాయా?

"అది తేనె కాదర్రా, జిగురు."

"పాకం కలిపాడట."

"పోయినేడు వీడి తేనె తినే కదా మా అత్త పన్ను ఊడింది!"

ప్రదర్శన నడిపే పెద్దాయన క్లైవ్ దగ్గరికొచ్చి, "కల్తీ అని తేలిందో, ఈ లోయలో నీ తేనె కుక్క కూడా నాకదు," అన్నాడు.

క్లైవ్ గుండె జారింది. గోళీ మాత్రం జారలేదు. నిజం చెబితే మోసగాడు, చెప్పకపోతే కల్తీగాడు. కక్కలేక మింగలేక, మెల్లగా వెళ్ళి సీసాను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అంది మిస్ క్వారీ.

"ప్రార్థన చేసుకుంటున్నానండీ."

"సీసాకా? తియ్యి చేతులు!" ఆవిడ తనే పట్టుకుని చూసి అదిరిపడింది. "అయ్య బాబోయ్! దీన్ని శవాల గదిలో దాచావా?"

"మా... ఫ్రీజర్లోనండీ."

డెస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "రెండోవాడి తెలివి తెల్లారినట్టే ఉంది!"

మిస్ క్వారీ తిన్నగా వెళ్ళి డెస్ సీసా ముట్టుకుంది. అతని నవ్వు ఠక్కున ఆగింది. ఆవిడ పక్క సీసా ముట్టుకుంది, ఆ పక్కదీ ముట్టుకుంది. కర్చీఫులన్నీ గబగబా జేబుల్లోకి పోయాయి.

"ఈ లోయ మొత్తానికి దేవుడు ఒక్కటే బుర్ర ఇచ్చినట్టున్నాడు. వంతులేసుకుని వాడుతున్నారు," అంది ఆవిడ. "అందరూ అవుట్. చల్లబెట్టనిది ఏడో నంబరు ఒక్కటే. ఎవరిది?"

చేతికంటిన క్రీము తుడుచుకుంటూ నోరీన్ ముందుకొచ్చింది. క్లైవ్ ఏడో సీసా వంకా తన సీసా వంకా మార్చి మార్చి చూశాడు. అవే తేనెటీగలు, అదే డ్రమ్ము, అదే తేనె.

ఇంటికెళ్ళే దారిలో సగం దూరం దాకా అతను నోరీన్ ఒళ్ళోని మొదటి బహుమతి నీలి రిబ్బనును ఓరకంట చూస్తూనే బండి నడిపాడు. చివరికి, "పోనీలే, మనింట్లో ఒకరైనా నిజాయితీగా గెలిచారు," అన్నాడు.

"నిజాయితీయా, నా మొహమా! నేనూ పెడదామనే ఫ్రీజరు తెరిచాను. చోటేదీ? నీ సీసా, చుట్టూ నీ ఐసుగడ్డలు!"

ఆ నీలి రిబ్బను ఇప్పుడు వాళ్ళింట్లో ఫ్రీజరు తలుపుకే వేలాడుతోంది, బఠాణీలు కావాలంటే క్లైవ్ ముందు దాన్ని పక్కకు జరపాలి.