నిమ్మకాయ కట్టిన డ్రోన్

మునెయ్య ఆ ఉదయానికి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిది దాటితే వర్జ్యం కాబట్టి, ఎనిమిదిన్నరకల్లా కొత్త పడవను నీళ్లలోకి నెట్టాలి. ఇందుకూరుపేటలో ఫొటో స్టూడియో పెట్టుకున్న మధుబాబు దాన్ని డ్రోన్‌తో పైనుంచి వీడియో తీయాలి. ఆ వీడియో అత్తగారి ఊళ్లో అందరికీ పంపాలి. అంతే. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగొచ్చు. జానెడు దారమంత చోటుంది.

ఈ ముహూర్తం తప్పితే ఆషాఢం. ఆషాఢంలో కొత్త పడవ నీళ్లు తాకకూడదని ఆ జాలరి పాలేనికి పెద్దకాపు, అంటే ఊరిపెద్ద, మస్తానయ్య పెట్టిన నియమం. ఆయన కాదంటే ఎవరూ పడవ మీద చెయ్యి వేయరు. ఇరవై మంది భుజం పెట్టనిదే అది కదలదు. వేట నిషేధం పుణ్యమా అని రెండు నెలలు ఇప్పటికే ఖాళీగా కూర్చున్న మునెయ్య, శ్రావణం దాకా పడవను ఇసుకలో పెట్టుకుని చూస్తూ కూర్చోవాలంటే పిల్లలకు ఏం పెట్టాలో తెలియక రాత్రంతా నిద్రపోలేదు.

మధుబాబు కూడా నిద్రపోలేదు. డ్రోన్ కొని వారమే అయింది. ఎగరేయడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పొలం మీద ఎగరేశాడు, ఇది సముద్రం.

"అది తప్పిపోతే ఏం జేస్తావబ్బయ్యా?" అని అడిగింది మునెయ్య తల్లి పేరమ్మ.

"తప్పిపోదు పెద్దమ్మా. నా చేతిలో రిమోటుకి అందకుండా పోయిందనుకో, పైకి లేచి, యాడ బయలుదేరిందో ఆడికే వచ్చి దిగుతుంది. బ్యాటరీ తగ్గినా అంతే. మరీ అయిపొయ్యిందంటే మాత్రం యాడుంటే ఆడే దిగేస్తుంది. అప్పుడు ఎవురి మాటా వినదు."

"బయలుదేరిన చోటికే వస్తుందా? మా ఆయన కంటే తెలివిగల్దే," అంది పేరమ్మ. ఆమె భర్త పదకొండేళ్ల క్రితం ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న పడవలో వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆ పడవకు ఆ రోజు నిమ్మకాయ కట్టలేదు. అప్పటినుంచీ ఆ ఇంటినుంచి సముద్రం మీదకు పోయేది ఏదీ నిమ్మకాయ లేకుండా పోలేదు.

కాబట్టి డ్రోన్‌కూ కట్టింది. చిన్న నిమ్మకాయ, రెండు మిరపకాయలు, జానెడు దారం. కింద దానికి కళ్లుంటాయనీ, నేల ఎంత దూరంలో ఉందో వాటితోనే చూసుకుంటుందనీ మధుబాబు చెప్పబోయాడు. పేరమ్మ మొహం చూసి మానుకున్నాడు. ఇసుక పడితే మోటార్లు పాడవుతాయని దాన్ని పడవ ముందరి చెక్క మీద పెట్టి, అక్కడినుంచే ఎగరేశాడు. నిమ్మకాయ కూడా దాని పొట్ట కింద ఊగుతూ ఆకాశానికి వెళ్లింది.

కాసేపు అంతా సవ్యంగానే సాగింది. ఎండ పడి ఫోన్ తెర కనిపించడం లేదని మధుబాబు ఒడ్డున చేపలకు ఐసు దాచే గది నీడకు వెళ్లాడు. ఐసు గది నాలుగు వైపులా ఇనుప రేకులే, వాటిని దాటి రిమోటు సిగ్నల్ పోదు. రిమోటు ఒక్కసారి కూతపెట్టి ఊరుకుంది. సముద్రం మీద డ్రోన్ నిటారుగా పైకి లేచింది.

"పొయ్యింది," అన్నాడు మునెయ్య. కానీ డ్రోన్ పోలేదు. చెప్పిన బుద్ధి చెప్పినట్టే చూపించి, వెనక్కి తిరిగి, నేరుగా పడవ పైకి వచ్చింది. జనం ముచ్చటపడ్డారు. అది మెల్లగా దిగుతూ, నిలబడ్డ మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఆగిపోయింది.

మధుబాబు పరుగున వచ్చి దిగమని మీట నొక్కాడు. అది దిగలేదు. నొక్కి పట్టుకున్నాడు. జానెడు పైకి లేచింది. పైగా స్థిరంగా కూడా లేదు, తాగినవాడిలా అటూ ఇటూ తూలుతోంది. నాలుగు రెక్కలు గిర్రున తిరుగుతుంటే, పడవ నెట్టడానికి వచ్చిన ఇరవై మందీ పదడుగులు వెనక్కి వెళ్లారు.

"వేళ్లు తెగుతాయా?" అన్నారెవరో.

"తెగుతాయి," అన్నాడు మధుబాబు. నిజం చెప్పడానికి అది సమయం కాదు. జనం ఇంకో పదడుగులు వెళ్లారు.

అప్పటికి ఎనిమిదిన్నర. మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు. "కొత్త పడవ మీద కాలు పెట్టనంటుండాది. గంగమ్మ తల్లికి ఇష్టం లేనట్టుండాదిరా మునెయ్యా."

మునెయ్య సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. పక్కింటి పెంచలకృష్ణ మాత్రం పనిమంతుడు. కదిలేది ఏదైనా వలతో పట్టొచ్చని అతని నమ్మకం. మధుబాబు "వద్దన్నా, వద్దన్నా" అంటుండగానే విసురువల తెచ్చి, చుట్టూ తిప్పి విసిరాడు. వల వస్తుంటే చూసిన డ్రోన్ గబుక్కున పక్కకు జరిగింది. వల దాన్ని దాటి, సీసపు గుండ్లతో సహా, మస్తానయ్య మీద విచ్చుకుంది.

మూడు పదుల ఏళ్లు చేపల్ని వలలో పట్టిన మస్తానయ్యకు వలలోంచి బయటికి రావడం తెలియదు. గింజుకున్నకొద్దీ బిగుసుకుని ఇసుకలో కూలబడ్డాడు. జరిగిన డ్రోన్ వచ్చి సరిగ్గా ఆయన నెత్తి పైన నిలిచింది. ఆ గాలికి ఆయన తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి.

"బ్యాటరీ పద్నాలుగు శాతానికి వచ్చింది," అన్నాడు మధుబాబు ఏడుపు గొంతుతో. "పదికొస్తే ఇంక ఎవురి మాటా వినదు. యాడుంటే ఆడే దిగేస్తుంది."

ఎక్కడుందో అందరూ చూశారు. మస్తానయ్య కూడా చూశాడు.

"పక్కకి తియ్యరా," అని వలలోంచి అరిచాడు.

"తీస్తుండా కాపూ, తూలతా ఉండాది." అప్పుడు చూశాడు మధుబాబు. నిమ్మకాయ అటు ఊగితే డ్రోన్ అటు, ఇటు ఊగితే ఇటు. తన పొట్ట కింద ఊగుతున్నదే నేల అనుకుంటోంది. నేల కదులుతుంటే ఎవరు మాత్రం దిగుతారు? "పెద్దమ్మా, ఆ నిమ్మకాయ కోసెయ్యాలి."

"కొయ్యను," అంది పేరమ్మ.

"అమా, మస్తానయ్యన్న నెత్తి పగులుద్దే," అన్నాడు మునెయ్య.

"పడవ నీళ్లు తాకకముందే నిమ్మకాయ తెగితే దిష్టంతా నీమీద పడుద్దిరా. ఒకర్ని పోగొట్టుకుని ఉండా. నాకు భయంరా." అంత భయం ఆమెకుందని కొడుక్కి కూడా ఆ రోజు వరకూ తెలియదు.

"పన్నెండు," అన్నాడు మధుబాబు.

"పేరమ్మా, నాకూ పెళ్లాం బిడ్డలుండారు," అంది వల.

పేరమ్మ ఒక్క క్షణం సముద్రం వైపు చూసింది. తర్వాత చేపలు కోసే కత్తి తీసుకుని, గిర్రున తిరుగుతున్న రెక్కల కిందికి వంగి నడిచింది. మునెయ్య కళ్లు మూసుకున్నాడు. మధుబాబు మూసుకోవాలనుకున్నాడు గానీ రిమోటు చూడాల్సి వచ్చింది. ఆమె పొట్టి మనిషి కావడం ఆ రోజు మంచిదైంది. దారం తెగింది. నిమ్మకాయ మస్తానయ్య నడినెత్తిన పడి, ఒడిలోకి దొర్లింది.

డ్రోన్‌కు మత్తు దిగింది. తూలడం మాని, మధుబాబు నెట్టిన వైపు బుద్ధిగా జరిగి, పడవ ముందరి చెక్క మీద కూర్చుంది. రెక్కలు ఆగాయి.

వలలోంచి బయటికి లాగగానే మస్తానయ్య పెద్దరికం తిరిగొచ్చింది. "నిమ్మకాయ తెగింది. ఇంక పడవ కదిలేదానికి లేదు. ఆషాఢం పోనీండి." మునెయ్య ఇసుకలో కూర్చుండిపోయాడు. ఎనిమిదీ యాభై అయింది.

పేరమ్మ కత్తి కొంగుకు తుడుచుకుంది. "తెగితే తెగింది గానీ మస్తానయ్యన్నా, నిమ్మకాయ ఊరికే పడదు. దిష్టి పెట్టినోడి మీదే పడుద్ది. ఇంతమంది నెత్తులుంటే నీ నెత్తి మీదే ఎందుకు పడింది?"

పాలెం మొత్తం మస్తానయ్య వైపు తిరిగింది. ఆయన పడవ పాతది, అతుకులు వేసింది, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆయన పక్కన పడి ఉన్న నిమ్మకాయను పామును విదిలించినట్టు దూరంగా నెట్టాడు.

"నాకెందుకు దిష్టి? మునెయ్య నా బిడ్డ లాంటోడు," అంటూ లేచి, పంచె ఎగగట్టి, అందరికంటే ముందు పడవకు భుజం పెట్టాడు. "ఏం చూస్తుండారు, పట్టండి."

ఇరవై మందీ పట్టారు. దుంగల మీద జర్రున జారి, తొమ్మిదికి మూడు నిమిషాలుండగా పడవ నీళ్లలో పడింది. మునెయ్య ఎగిరి ఎక్కి ఇంజన్ వేశాడు. రెండు అలలు దాటి, మూడోదాని మీదికి లేచింది పడవ. పేరమ్మ ఒడ్డున కూర్చుని కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

మస్తానయ్య ఊపిరి పీల్చుకున్నాడు. మధుబాబు కూడా పీల్చుకుని, రిమోటు సంచిలో పెట్టి, డ్రోన్ కోసం అటూ ఇటూ చూశాడు. తర్వాత మోకాలి లోతు నీళ్లలోకి పరుగెత్తి, "మునెయ్యన్నా, మునెయ్యన్నా" అని చాలాసేపు చేతులూపాడు. ఇంజన్ చప్పుడులో మునెయ్యకు వినపడలేదు. వీడియో తీస్తున్నారనుకుని అతనూ చెయ్యి ఊపాడు.

డ్రోన్ మాన్యువల్లో రాసినట్టే బయలుదేరిన చోటికి క్షేమంగా చేరింది. ఆ చోటు మాత్రం వేటకు వెళ్లింది.