పోను అమెరికా, రాను జపాన్

"కారు కొంటారా సార్?" అంటూ వేళ కాని వేళ వచ్చే ఫోన్లకు విసుక్కునేవాళ్లను చూస్తే నాకు జాలి. ఆ నెంబర్లు బ్లాక్ చేసేవాళ్లను చూస్తే కోపం. ఈ దేశంలో ప్రజాసేవ అన్నది ఎక్కడైనా మిగిలి ఉంటే, అయ్యా, అది ఆ ఫోన్లలోనే ఉంది!

నమ్మరా? అయితే గుండ్లదొడ్డి హనుమన్న సంగతి వినండి.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే గుండ్లదొడ్డి వస్తుంది. హనుమన్నకు అక్కడ కొంత చేను ఉంది. వాన పడితే పత్తి పెడతాడు, పడకపోతే కూలికి పోతాడు. ఇంట్లో సైకిలు కూడా లేదు. అలాంటి హనుమన్న కోసం అమెరికా, జపాన్ పోట్లాడుకున్నాయి. మీకోసం ఏ దేశమైనా ఎప్పుడైనా పోట్లాడిందా?

మొదలైంది ఆదోని పత్తి యార్డులో. హనుమన్న పత్తి దింపి, రేటు తేలేదాకా కాచుకుని ఉన్నాడు. గేటు పక్కన రెండు షామియానాలు వేశారు. ఒకదాని కింద అమెరికా కంపెనీ కారు, ఇంకోదాని కింద జపాన్ కంపెనీ కారు. పేరూ ఫోన్ నెంబరూ చెప్పినవాళ్లకు గ్లాసు మజ్జిగ. హనుమన్న అమెరికా షామియానాలో ఒక గ్లాసు తాగాడు. దప్పిక తీరలేదు. జపాన్ షామియానాలోకి వెళ్లాడు.

రెండు గ్లాసుల మజ్జిగతో అతను రెండు అగ్రరాజ్యాలకు కాబోయే కస్టమర్ అయ్యాడు.

తెల్లారి ఫోన్లు మొదలయ్యాయి. అంతకుముందు హనుమన్నకు ఎవరు ఫోన్ చేశారు? ఎండిపోయిన చేను ఫొటో తీసుకుని పోయిన ఆఫీసరు చేశాడా? ఓటుకు ముందు గడ్డం పట్టుకున్న నాయకుడు ఓటయ్యాక చేశాడా? చేసింది ప్రేమ్ కుమార్. ఎమ్మిగనూరు షోరూములో అమెరికా కార్లు అమ్మే మనిషి.

"సార్, కారు ఎప్పుడు తీసుకుందామనుకుంటున్నారు?"

"పత్తికి రేటొచ్చినాక సూద్దాంలే అప్పా."

ప్రేమ్ కుమార్ కంప్యూటర్లో 'మూడు నెలల్లో' అని కొట్టాడు. ఆదోని షోరూములో జపాన్ కార్లు అమ్మే రామకృష్ణ కూడా అదే ప్రశ్న అడిగి, అదే జవాబు విని, అదే కొట్టాడు. ఇద్దరూ ఈ నేల మీద పుట్టినవాళ్లే. ఇద్దరి ఇళ్లలోనూ పత్తి పండించారు. పత్తికి రేటు రావడమంటే ఏమిటో వాళ్లకు తెలియకనా?

తెలుసు. కానీ వాళ్ల నెత్తిన టార్గెట్ ఉంది. కారు అమ్ముడుపోకపోతే మేనేజరు మొహం చిట్లిస్తాడు, అంతే. నెలకు ఇంతమందిని ఎక్కించి తిప్పకపోతే మాత్రం జీతం కోస్తాడు. కొనడం కస్టమర్ చేతిలో ఉంది. తిప్పడం మన చేతిలోనే ఉంది కదా అని కంపెనీ లెక్క. తిప్పినందుకు సాక్ష్యంగా కస్టమర్‌ను కారు పక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపాలి.

"టెస్ట్ డ్రైవ్‌కు బండి మీ ఇంటికే పంపిస్తాం సార్" అన్నాడు ప్రేమ్ కుమార్.

"ఇంటికా? మా ఊరికా?"

హనుమన్న ఆ మాట మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. గుండ్లదొడ్డికి బండి రావడం అనేది అతను మరిచిపోయిన సంగతి. ఒకప్పుడు పొద్దున ఏడు గంటలకు బస్సు వచ్చేది. ఎక్కేవాళ్లు తక్కువయ్యారని ఆపేశారు. ఎక్కేవాళ్లు ఎందుకు తక్కువయ్యారు? అది రోజు మార్చి రోజు రాకపోవడం వల్ల. ఇందులో తప్పు ప్రయాణికులదే! ఓపిక ఉన్నవాళ్లయితే రాని రోజు కూడా నిలబడి ఉండేవాళ్లు.

హనుమన్న భార్య మల్లేశ్వరికి రెండు కిడ్నీలూ పనిచేయవు. మంగళవారం, శుక్రవారం ఆదోనిలో డయాలిసిస్. ఎనిమిదికల్లా మంచం దగ్గర ఉండాలి. లేకపోతే ఆ మంచం వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. ఒక్కసారి తప్పితే కాళ్లు వాస్తాయి, పడుకుంటే ఊపిరి ఆడదు. ఆటోలు పెద్ద రోడ్డు మీదనే తిరుగుతాయి, అవీ నిండితేనే కదులుతాయి. ఊళ్లో నాగప్పను అడిగితే మోపెడ్ ఇస్తాడు, తనకు పని లేని రోజున. ఒకసారి దాని మీద వస్తూ మల్లేశ్వరి కళ్లు తిరిగి పడిపోయింది.

"మంగళారం రాగలవా అప్పా? ఏడుకి."

"ఏ రోజైనా, ఏ టైమైనా సార్! కస్టమరే మాకు దేవుడు!"

మంగళవారం ఏడుకు అమెరికా వచ్చింది. ఇంటి ముందు నిలబడింది. హారను కొట్టింది. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. మల్లేశ్వరి కొంగు సర్దుకుని వెనక సీట్లో కూర్చుంది. ప్రేమ్ కుమార్ దారి పొడుగునా ఎయిర్ బ్యాగుల గురించి చెప్పాడు.

"అక్కా, పైన కప్పు తెరుచుకుంటాది. తెరిసి సూపించేదా?"

"ఎండ మాకేం కొత్త నాయనా? మూసే పెట్టు."

ఆసుపత్రి ముందు దింపి, ఆలుమగలను కారు పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని ప్రేమ్ కుమార్ వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మల్లేశ్వరి బయటికి వచ్చేసరికి నిలబడే శక్తి లేదు. హనుమన్న ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, ఎట్లా పోవాలా అని చూస్తున్నాడు. ఫోన్ మోగింది. రామకృష్ణ.

"సార్, మా జపాన్ బండి ఒకసారి నడిపి చూస్తారా?"

"ఇప్పుడే రా అప్పా. ఆదోని ఆస్పత్రి కాడనే ఉండాను."

అట్లా కుదిరింది. పోను అమెరికా, రాను జపాన్. మంగళవారం, శుక్రవారం. ప్రపంచంలో ఎక్కడా రాజీపడని రెండు దేశాలు గుండ్లదొడ్డి దారిలో పని పంచుకున్నాయి. పైవాళ్లకు ఆ సంగతి తెలియదు, అంతే తేడా. ఏ మంత్రి సంతకం పెట్టాడు? ఏ కమిటీ కూర్చుంది? మజ్జిగ తప్ప ఎవరికేం ఖర్చయింది?

మల్లేశ్వరి త్వరలోనే కార్ల మీద మాట్లాడడం నేర్చుకుంది. "అమెరికా బండి గుంతలో పడినా నడుముకి తెలీదే. జపాన్‌దాంట్లో పడిన ప్రతి గుంతా తెలుస్తాది. అయితే మెత్తగా తోల్తాడు రామకృష్ణ" అని పక్కింటి కమలమ్మతో చెప్పేది. కమలమ్మ అడిగింది: "ఇంగ యాది కొంటారే?" ఇద్దరూ గోడకు ఆనుకుని నవ్వారు.

ఈ నవ్వు చెన్నైలోని అమెరికా కంపెనీ ఆఫీసుకు వినిపించలేదు. అక్కడికి చేరింది ఫొటోలు మాత్రమే. దేశమంతటా అమ్మకాలు పడిపోతుంటే పశ్చిమ కర్నూలులో ఒక కుటుంబం వారానికి రెండు సార్లు టెస్ట్ డ్రైవ్ చేస్తోంది. ఇంత ఆలోచించి కొనే కస్టమర్‌ను ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఒక ఆఫీసరును పంపారు.

శుక్రవారం ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాడు.

"మా కారులో మీకు బాగా నచ్చిందేమిటమ్మా?"

"వస్తాది గదప్పా" అంది మల్లేశ్వరి.

"అంటే?"

"సెప్పిన టైముకి వస్తాది. మా ఊర్లేకి వస్తాది. ఇంగేం కావాల?"

ఆఫీసరు 'నమ్మకం' అని రాసుకున్నాడు.

"జపాన్ వాళ్ల కారు చూశారా? దానితో పోలిస్తే ఎలా ఉంది?"

"దాన్తో దీనికేం పోటీ లేదప్పా. మీది పోయేదానికి, వాళ్లది వచ్చేదానికి."

ప్రేమ్ కుమార్ స్టీరింగ్ మీదకు వంగిపోయాడు. ఆఫీసరుకు విషయం అర్థమయ్యేసరికి ఆదోని వచ్చేసింది. మీరైతే ఏం చేసేవాళ్లు? ఆలుమగలను అక్కడే దింపి, ప్రేమ్ కుమార్‌ను ఉద్యోగం నుంచి కూడా దింపేసేవాళ్లు. అందుకే మీరు అమెరికా కంపెనీలో ఆఫీసరు కాలేదు. ఆయన మొహం ఎర్రబడింది.

"తిరుగు ప్రయాణం జపాన్‌కు ఎందుకు వదిలావయ్యా?"

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి గేటు ముందు రెండు కార్లు నిలబడ్డాయి.

"అక్కా, మన బండి ఈడుండాది!"

"అక్కా, నువ్వు ఎప్పుడూ ఇంటికి పోయేది మన బండిలోనే గదా!"

చేతికి వేసిన దూదిని ఒత్తిపట్టుకుని మల్లేశ్వరి గేటులో ఆగింది. తన కోసం ఇద్దరు మగవాళ్లు రోడ్డు మీద అరుచుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

"కొట్లాడద్దండప్పా. నేను ఒగదాంట్లోనే గదా పట్టేది. ఇదో, ఈ ఎస్తేరమ్మది ఎమ్మిగనూరు తట్టు. ఆయమ్మని ప్రేమ్ కుమార్ తీస్కపోతాడు. భీమప్ప మామది మా పక్కూరు. రామకృష్ణా, మామకి ముందర సీటు ఇయ్యి, కాళ్లు సాపుకోవాల."

ఎస్తేరు, భీమప్ప ఆమె పక్క మంచాల వాళ్లు. ఆ రోజు నుంచి వాళ్లూ కాబోయే కస్టమర్లే. భీమప్పకు షుగరుతో చూపు ఆనదు. అయినా అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి ఫొటో తీశారు. కంపెనీ ఫారంలో రోడ్డు ఎంత స్పష్టంగా కనిపిస్తోందన్న ప్రశ్నకు అతని పేరిట పదికి పది మార్కులు పడ్డాయి. ఆ మార్కులు చూసి టోక్యోలో ఎవరైనా సంతోషించి ఉంటే నాకు అభ్యంతరం లేదు.

మార్కెట్లో పోటీ ఉంటే మనిషికి మేలు అని పుస్తకాల్లో రాస్తారు. ఎక్కడ రుజువైందో మాత్రం రాయరు. ఆ గేటు ముందు రుజువైంది! పోటీ సాగినన్నాళ్లు మల్లేశ్వరి ఒక్క వాయిదా తప్పలేదు. కాళ్ల వాపు తగ్గింది. మళ్లీ కూర్చుని జొన్నరొట్టె తట్టింది.

తర్వాత ఒక రోజు ప్రేమ్ కుమార్ కారు లేకుండా వచ్చాడు.

"అన్నా, షోరూము మూస్తాండారు. కంపెనీనే దేశం ఇడిసి పోతాంది."

మల్లేశ్వరి గడపలోకి వచ్చింది. "మేం తిరిగినందుకేనా నాయనా?"

"లేదక్కా. మీరు తిరగబట్టే ఈడ ఇన్నాళ్లుండె."

"మల్ల నీ పని?"

"సూడాల" అన్నాడు ప్రేమ్ కుమార్. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అమెరికా ఎందుకు ఓడింది? పేపర్లలో నిపుణులు రాశారు. మైలేజీ అన్నారు. విడిభాగాలు అన్నారు. పాతబండికి పలికే ధర అన్నారు. జపాన్ వాడు మన మనసు చదివాడన్నారు! హనుమన్న మనసు చదివిన దేశం ఏదో ఒక్క నిపుణుడూ చెప్పలేదు. అమెరికా పోవడంతో గుండ్లదొడ్డికి వచ్చిన చిక్కు కూడా ఎవరూ రాయలేదు. ఆదోని నుంచి ఇంటికి రావడానికి బండి ఉంది. ఆదోనికి పోవడానికి లేదు. పోనివాళ్లు తిరిగి రావడం ఎట్లా?

హనుమన్న రామకృష్ణకు తనే ఫోన్ చేశాడు. కస్టమర్ తనంతట తాను ఫోన్ చేస్తే కంపెనీవాళ్లు పండగ చేసుకుంటారని విన్నాడు.

"అప్పా, మంగళారం పొద్దున నువ్వే వచ్చి తీస్కపోతావా?"

రామకృష్ణ గొంతు తగ్గించాడు.

"అన్నా, ఎట్ల సెప్పేది... ఇంటికి బండి పంపేది నిలిపినారు. పోటీ లేదు గదా, జనమే షోరూముకి వస్తాండారు. నువ్వు కూడా ఈడికే రావాల. ఈడికొస్తే ఎంతసేపన్నా తిప్పుతా."

"ఆడికి ఎట్ల రావాలప్పా?"

"బస్సుకి రా అన్నా."

రామకృష్ణ వెక్కిరించలేదు. ఆలోచించకుండా అన్నాడు. అని, ఆలోచించి, ఫోన్ పెట్టేశాడు.

ఆ మంగళవారం మల్లేశ్వరి పోలేదు. శుక్రవారానికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. హనుమన్న నాగప్ప కాళ్లావేళ్లా పడి మోపెడ్ తెచ్చాడు. భార్యను వెనక కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని ముడి వేశాడు. ఆమె కళ్లు తిరిగితే ముడి బిగుసుకుంటుంది, అతనికి తెలుస్తుంది. గుంత వచ్చిన ప్రతిచోటా దిగకుండా కాళ్లతో నెట్టాడు. ఆ దారిలో గుంత లేని చోటు వెతకాలి. ఇప్పుడు వాళ్లు అట్లాగే పోతున్నారు, నాగప్పకు పని లేని వారాల్లో.

కాబట్టి పాఠకులారా, కారు కంపెనీల ఫోన్లు వస్తే కోపగించుకోకండి. ఎత్తండి. ఆశ చూపించండి. పత్తికి రేటు వస్తుందని చెప్పండి! మీ ఊరికి బండి రావాలంటే ఈ రోజుల్లో ఇంకో దారి ఉంటే నాకు చెప్పండి.

మొన్న మల్లేశ్వరి వాకిట్లో కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి. ఇంకో అమెరికా కంపెనీ వస్తోందట.

"మేడమ్, మా కారుకు పెట్రోలు అక్కర్లేదు! డ్రైవర్ కూడా అక్కర్లేదు!"

"డ్రైవర్ ఉన్నా మాకేం ఇబ్బంది లేదమ్మా. ఎంతమంది పడతారు?"

"ఐదుగురు మేడమ్."

"సాలదు. ఎస్తేరమ్మ ఉండాది, భీమప్ప మామ ఉండాడు, కూలికి పోయేటోల్లు ఉండారు, బడి పిల్లోల్లు ఉండారు. అందరూ పట్టేది ల్యాదా? పొద్దున ఏడుకి ఊర్లేకి వచ్చి, సాయంత్రం మల్ల తెచ్చి ఇడిసేది?"

అమ్మాయి కాసేపు వెతికింది.

"సారీ మేడమ్. అలాంటి మోడల్ ఇంకా రాలేదు."

"వచ్చిందమ్మా" అంది మల్లేశ్వరి. "ఒగప్పుడు మా ఊరికే వస్తాండె."